సూర్యుడిలో నీటి ఆవిరి

నీళ్ళు పోస్తే నిప్పు ఆరిపోతుంది కదా. మరి సూర్యుడిలో నీళ్ళు ఉన్నాయంటే నమ్ముతారా? ఉన్నాయి. కానీ చెరువు నీళ్ళలాగ కాదు, ఆవిరిగా. అది కూడా సూర్యుడి మచ్చల్లోనే.

సూర్యుడి పైభాగంలో వేడి సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్. అంత వేడికి నీటి అణువు నిలవదు. హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయి. కొన్ని చోట్ల అయస్కాంత శక్తి చాలా ఎక్కువగా ఉండి లోపలి వేడిని పైకి రానివ్వదు. ఆ చోట్లు నల్లగా కనపడతాయి. అవే మచ్చలు. పెద్ద మచ్చ నడిమిలో వేడి సుమారు 3,000 డిగ్రీలే. అక్కడ ఆ రెండూ కలిసి నీటి ఆవిరి అవుతుంది.

ఇది ఇంట్లో చెప్తే మా అమ్మ, "అక్కడికి ఎవరు పోయి చూసొచ్చిండ్రు బిడ్డా?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఎవరూ పోలేదు. వెలుతురే వచ్చి చెప్పింది. మేం ఇంట్లో గోండి మాట్లాడుతాం. వర్ణపటం అనే మాటకు బదులు నేను రేషన్ షాపు సంగతి చెప్పిన. అక్కడ వేలు పెడితే ఎవరిదో మిషను గుర్తుపడుతుంది. అట్లనే వెలుతురును రంగులుగా విడదీస్తే అందులో సన్నటి గీతలు ఉంటాయి. ఒక్కో పదార్థానికి గీతలు వేరు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రాన్సు శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరులో ఇట్లాంటి గీతలనే చూశాడు. హీలియం కథ ఆ గ్రహణంతోనే మొదలయింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన గాలిలో కూడా నీటి ఆవిరి ఉంది. మరి కనపడిన గీత సూర్యుడిదా, మన గాలిదా? 1995లో అమెరికా, కెనడా శాస్త్రవేత్తలు దీన్ని తేల్చారు. ప్రయోగశాలలో ఆవిరిని బాగా వేడి చేసి దాని గీతలు తీసుకున్నారు. వేడి అణువులు గట్టిగా ఊగుతాయి. అందుకే చల్లటి ఆవిరిలో కనపడని గీతలు ఎన్నో వస్తాయి. మచ్చ వెలుతురులో అవే దొరికాయి. మన గాలిలో అంత వేడి లేదు. కాబట్టి అవి సూర్యుడివే.

కొన్ని ఎర్ర నక్షత్రాలు సూర్యుడికన్నా చాలా చల్లన. వాటిలో కూడా నీటి ఆవిరి ఉంటుంది. 1963లో అమెరికాలో స్ట్రాటోస్కోప్ 2 అనే టెలిస్కోపును బెలూనుకు కట్టి, మన గాలి ఆవిరి అడ్డురానంత ఎత్తుకు పంపి దాన్ని చూశారు. మన జవహర్‌నగర్‌కు దగ్గరలో ఈసీఐఎల్ వైపు కూడా టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కడినుంచి 100 సెంటీమీటర్ల టెలిస్కోపును పైకి పంపి నక్షత్రాలు పుట్టే మేఘాలను పరిశీలించారు.

మీరు కూడా చేసి చూడండి. పళ్ళెంలో నీళ్ళు పోసి, చిన్న అద్దాన్ని వాలుగా ముంచి ఎండలో పెట్టండి. గోడ మీద రంగులు పడతాయి. సన్న గీతలు చూడాలంటే మాత్రం మంచి పరికరం కావాలి. సూర్యుడిని గానీ, అద్దంలో సూర్యుడిని గానీ నేరుగా చూడవద్దు. కళ్ళు పాడవుతాయి.

– 9వ తరగతి విద్యార్థిని