కార్డు కొనే ముందు.. సెట్టింగులు చూడండి

నల్గొండ, మహబూబ్‌నగర్‌: చదువుల నిమిత్తం కొన్న కంప్యూటర్‌ సాయంత్రమయ్యేసరికి ఆటల మైదానంగా మారుతోంది. 2000లో విడుదలైన కౌంటర్‌ స్ట్రైక్‌ను ఇంటర్నెట్‌ కేంద్రాల్లోని సాదాసీదా యంత్రాలు సైతం నడిపించేవి. 2023లో వచ్చిన కౌంటర్‌ స్ట్రైక్‌ 2 మాత్రం పాత ప్రాసెసర్లపై తడబడుతుంది. దాంతో కొత్త గ్రాఫిక్స్‌ కార్డు కావాలంటూ పిల్లలు ఇంట్లో పట్టుబడతారు. సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణించి, సికింద్రాబాద్‌లోని చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌లో వేల రూపాయలు వెచ్చించే ముందు ఆటలోని సెట్టింగులను సరిచూసుకుంటే ఆ ఖర్చు తప్పే అవకాశముంది. 2025 చివరి నుంచి ర్యామ్‌ ధరలు బాగా పెరిగినందున ఈ జాగ్రత్త మరింత అవసరం.

లోపం ఎక్కడ?

తెరపై కదలిక అంటే వరుసగా గీసిన చిత్రాలే. వీటినే ఫ్రేములంటారు. సినిమాకు సెకనుకు 24 చాలు. ఆటకు చాలవు. ప్రేక్షకుడు ఊరకే చూస్తాడు, ఆటగాడు మీట నొక్కి ఫలితం కోసం ఎదురుచూస్తాడు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో చిత్రాన్ని దాదాపు 16.7 మిల్లీసెకన్లలో గీయాలి. ఈ పనిని ప్రాసెసర్‌, గ్రాఫిక్స్‌ కార్డు పంచుకుంటాయి. వెనకబడుతున్నది ఏదో తెలియకుండా అన్నింటినీ ‘లో’కు దించితే బొమ్మ చెడుతుందే తప్ప వేగం పెరగకపోవచ్చు.

దీనికి సులువైన పరీక్ష ఉంది. రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కు తగ్గించి చూడాలి. గీయవలసిన చుక్కలు 20,73,600 నుంచి 9,21,600కు పడిపోతాయి. ఫ్రేములు గణనీయంగా పెరిగితే భారం కార్డుపై ఉన్నట్లు. పెరగకపోతే ప్రాసెసరే అలసిపోతున్నట్లు. రెండో సందర్భంలో ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా ప్రయోజనం స్వల్పమే.

ముందు నీడలు.. తర్వాతే మిగతావి

భారం కార్డుపై ఉంటే మొదట నీడల నాణ్యతను ‘అల్ట్రా’ నుంచి ‘మీడియం’కు తేవాలి. ఆట హడావుడిలో ఆ తేడా కంటికి ఆనదు. ఆ తర్వాత ప్రతిబింబాలు, యాంబియంట్‌ అక్లూజన్‌, అంచులను నునుపు చేసే యాంటీ అలియాసింగ్‌ను ఒక్కొక్కటిగా తగ్గించి చూడాలి. అందరూ ముందుగా చేయి పెట్టే టెక్స్చర్ల వల్ల, కార్డులో తగినంత మెమరీ ఉన్నంతవరకు, వేగానికి పెద్ద నష్టం లేదు. భారం ప్రాసెసర్‌దైతే కనిపించే దూరాన్ని, జీటీఏ 5 వంటి ఆటల్లో వీధుల్లోని జనసాంద్రతను తగ్గించాలి.

2021లో ఏఎండీ విడుదల చేసిన ఎఫ్‌ఎస్‌ఆర్‌ పాత కార్డులపైనా పనిచేస్తుంది. చిత్రాన్ని చిన్నదిగా గీసి, పెద్దది చేసి చూపడం దీని పద్ధతి. ఆటలో ఈ సదుపాయం ఉంటే ‘క్వాలిటీ’ స్థాయిలో వాడుకోవచ్చు. విడిగా కార్డు లేని యంత్రాల్లో గ్రాఫిక్స్‌ విభాగం ర్యామ్‌నే పంచుకుంటుంది. ఒకే ర్యామ్‌ పలక ఉన్నచోట దానికి జతగా మరొకటి అమర్చితే మార్పు స్పష్టంగా తెలుస్తుంది. ఏదైనా కొనక తప్పదనుకుంటే ముందు ఆలోచించవలసింది దీని గురించే.

ఎండ కూడా కారణమే

పది పదిహేను నిమిషాలు చక్కగా సాగిన ఆట ఆ తర్వాత మందగిస్తే సెట్టింగులను తప్పుపట్టి లాభం లేదు. అది వేడి లక్షణం. ఎండాకాలంలో నల్గొండ పరిసరాల్లో 44 డిగ్రీలను తాకే రోజులుంటాయి. ప్రాసెసర్‌ను చల్లబరిచే ఫ్యాను ఆ గది గాలినే వాడుకోవాలి. అదే పనికి 25 డిగ్రీల గదిలో కంటే 40 డిగ్రీల గదిలో ప్రాసెసర్‌ ఇంచుమించు 15 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. వంద డిగ్రీల దరికి చేరితే తనను తాను కాపాడుకునేందుకు వేగం తగ్గించుకుంటుంది. మిర్యాలగూడ వంటి రైస్‌మిల్లుల పట్టణాల్లో ఊక దుమ్ము ఫ్యాన్లకు పట్టి ఈ ఇబ్బందిని పెంచుతుంది. విద్యుత్తు ఆపి, ప్లగ్గు తీసి, రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయరుతో శుభ్రం చేయాలి. సెకనుకు 60 చిత్రాలే చూపగల తెరకు 140 గీయించడం వృథా శ్రమ. ఫ్రేముల పరిమితిని 60 వద్ద నిలిపితే వేడి తగ్గుతుంది.

ల్యాప్‌టాప్‌ల విషయం వేరు. కరెంటు పోయి బ్యాటరీ మీదకు మారగానే చాలా యంత్రాలు వేగాన్ని కుదించుకుంటాయి. అది చూసి సెట్టింగులన్నీ మార్చేసేవారూ ఉన్నారు. ఛార్జరు తిరిగి పనిచేసేవరకు ఆగితే చాలు.

ఆన్‌లైన్‌ ఆటల్లో మరో పొరపాటు జరుగుతుంటుంది. ఫ్రేముల సంఖ్య నిలకడగా ఉండి, ప్రత్యర్థులు ఉన్నట్టుండి ఒకచోటి నుంచి మరోచోటికి గెంతినట్లు కనిపిస్తే లోపం నెట్‌వర్క్‌లో ఉన్నట్లే. అప్పుడు వైఫైకి బదులు రూటరు నుంచి నేరుగా కేబుల్‌ కలిపి చూడాలి.