ఫైళ్లకు గట్టు చీటీలు



పూర్వము గ్రామకరణములు దస్త్రములను కట్టలు కట్టలుగా గట్టి యుంచెడివారని పెద్దలెరుగుదురు. అందొక చిక్కు కలదు. పొలమును గూర్చిన దావా కాగితమును భూముల కట్టలో నుంచవలెనా, దావాల కట్టలో నుంచవలెనా? ఒక కాగితము రెండుచోట్ల నుండజాలదు గదా. కాగితము నొక్కచోటనే యుంచి, దానికి రెండు చీటీలు గట్టినచో నీ చిక్కు తీరును.

కంప్యూటరులోని ఫైళ్లకును ఇదియే యుపాయము. ఆపిలు సంస్థవారి మాకింతోషు యంత్రములలో 1991వ సంవత్సరమున వచ్చిన యేడవ వ్యవస్థలో ఫైలునకొక్క రంగుగుర్తు మాత్రమే యుంచ వీలయ్యెను. 2013లో మావెరిక్స్ అను వ్యవస్థ వచ్చిన పిమ్మట, నొక ఫైలునకు బెక్కు చీటీలు గట్టుటకు వీలు కలిగినది. వీనినే ట్యాగులందురు.

ఈ చీటీలు ఫైలులోని వ్రాతయందుండవు. ఫైలు నంటిపెట్టుకొని యుండు వేరొక లక్షణమునందు జాబితాగా నుండును. ప్రతి పేరు క్రిందను 0 మొదలు 7 వరకు గల యంకెలలో నొకటి రంగును దెలుపును. 2 ఆకుపచ్చ, 4 నీలము, 6 ఎరుపు. 0 యున్న రంగు లేదని యర్థము.

పది ఫైళ్లకు చీటీలు చేతితో గట్టవచ్చును. పదివేలకు గట్టుట దుర్ఘటము. అందులకై చిన్న లైబ్రరీలు గలవు. లైబ్రరీ యనగా నిచట గ్రంథాలయము గాదు; ప్రోగ్రాములు వ్రాయువారు మరల మరల వాడుకొనుటకు సిద్ధపరచిన యాజ్ఞల సంపుటి. చీటీలను చదువుట, చేర్చుట, తీసివేయుట, చీటీని బట్టి ఫైళ్లను వెదకుట దాని పనులు.

వీనిలో చేర్చుట యందే జాగ్రత్త వలయును. జాబితా నంతటిని తిరిగి వ్రాయవలసినదే గాని, కొనకొక పేరు తగిలించుటకు వీలులేదు. కావున మంచి లైబ్రరీ ముందుగా బాత జాబితాను జదివి, ఆ పేరు లేనిచో జేర్చి, మొత్తమును మరల వ్రాయును. చదువక వ్రాసెనేని, యేండ్లతరబడి గట్టిన చీటీలు క్షణములో నశించును; ఫైలు మాత్రము చెక్కుచెదరక యుండుటచే నష్టము వెంటనే తెలియదు.

మరియొక యపాయము. ఫైలును వేరు విధమగు కంప్యూటరునకు బంపినయెడల చీటీలు సాధారణముగా వెంట రావు. కావున మనుమలు మీ పట్టాలను, దస్తావేజులను కంప్యూటరులో భద్రపరచునపుడు, ముఖ్యమైన సంగతిని ఫైలు పేరునందే వ్రాయుడని చెప్పుడు. చీటీ వెదకుటకు సాయము. పేరు చిరకాలము నిలుచునది.