మీకు తెలుసా? డిస్క్ తుడిచినా విండోస్ కీ పోదు

2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, విండోస్‌తో అమ్మే ల్యాప్‌టాప్‌లలో ప్రొడక్ట్ కీని సాధారణంగా మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్‌లోనే రాసిపెడుతున్నారు. అడుగున అంటించే స్టిక్కర్ మాయమైంది అందుకే. డిస్క్ పూర్తిగా ఖాళీ చేసినా, మళ్లీ అదే ఎడిషన్ ఎక్కించి నెట్ కలిపితే యాక్టివేట్ అయిపోతుంది. అందుకే ల్యాప్‌టాప్‌ను అమ్మేముందో, వెనక్కి ఇచ్చేముందో లైసెన్స్ గురించి బెంగ అక్కర్లేదు.

బెంగపడాల్సింది మన ఫైళ్ల గురించి. హార్డ్ డిస్కులో క్విక్ ఫార్మాట్ చించేది పుస్తకంలో విషయసూచికను మాత్రమే, పేజీలు పదిలంగానే ఉంటాయి. ఎంఐటీలో సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ 158 పాత డిస్కులు కొని పరిశీలించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. చదవగలిగిన 129లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే! మిగతావాటిలో కొన్నింట్లో క్రెడిట్ కార్డు నంబర్లు వేలల్లో దొరికాయి. అమ్మినవాళ్లలో చాలామంది అన్నీ చెరిపేశామనే అనుకుని ఉంటారు.

విండోస్ 10, 11లలో ‘రీసెట్ దిస్ పీసీ’లో ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకుంటే సరిపోదు. సెట్టింగ్స్ మార్చి ‘క్లీన్ డేటా’ కూడా ఆన్ చేయాలి. గంటలు పట్టొచ్చు, ఛార్జర్ తీయకండి.

పక్కన లినక్స్ కూడా వేసుకున్నవారికి ఇంకో చిక్కు. దాని పార్టిషన్ తీసేసినా, బూట్ మెనూ చూపే గ్రబ్ ఈఎఫ్ఐ పార్టిషన్‌లో మిగిలిపోతుంది. ముందు విండోస్ బూట్ మేనేజర్‌ను బయోస్‌లో మొదటి స్థానానికి తెచ్చాకే లినక్స్ మీద చెయ్యి వేయాలి. లేకపోతే ఆన్ చేయగానే నల్లటి తెర మీద గ్రబ్ ప్రాంప్ట్ పలకరించొచ్చు.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మాత్రం ఐటీ విభాగాన్ని అడగకుండా ఏదీ చెరపొద్దు.