నీడనుండి యెండకు: సంచులలోని ఆయిల్‌పామ్ మొక్కల తరలింపు

తాటిచెట్టునకు ఎండను గూర్చి యెవరును నేర్పనక్కరలేదు. దేవరుప్పుల చుట్టుపట్ల గట్లమీద నిలిచియున్న తాళ్ళు టెంకనుండి మొలిచిననాటినుండియు ఎండలోనే పెరిగినవి. తాటి మొలక ముందుగా భూమిలోనికి లోతుగా దిగి తేగయై, పిదపగాని ఆకును పైకి పంపదు. కావున దానిని సంచిలో పెంచి తరలించుట కష్టము. దాని కుటుంబమునకే చెందిన ఆయిల్‌పామ్, కొబ్బరి, ఇండ్ల వసారాలలో కుండీలయందు పెంచు అరీకా మొక్కలు అట్టివి కావు. ఇవి బాల్యమున నీడలో పెరిగి, ఒకనాడు బండి యెక్కి, మఱునాడు చెలకలో నిలువవలసి వచ్చును.

2021 లో కేంద్ర ప్రభుత్వము ఆయిల్‌పామ్ జాతీయ పథకమును ఆమోదించిన పిదప ఈ తోటలు పాత ఖమ్మము జిల్లా పొలిమేర దాటి మన జనగామ వైపునకును వచ్చినవి. ఎకరమునకు 57 మొక్కలు. కాపు నాల్గవయేటగాని చేతికి రాదు. అందుచేత నాటిన మొదటి నెలలో ఆకులు మాడి మొక్క వెనుకబడినచో, ఆ జాప్యము కాపు వేళవరకును వెన్నంటి వచ్చును.

మా చేనిలో జరిగినది చెప్పెదను. మొక్కలు రోహిణి కార్తెలో వచ్చినవి. గుంతలు సిద్ధముగా లేనందున వాటిని మామిడిచెట్టు క్రింద మూడు వారములు ఉంచితిమి. ఆర్ద్రలో రెండు దినములు మబ్బు పట్టి ముసురు కురియగా ఇదియే అదనని నాటితిమి. మూడవనాడు మబ్బు విడిపోయినది. ఆపై నాలుగు దినములలో ఆకుల పైభాగము తెల్లబారి, పిదప గడ్డిరంగునకు తిరిగినది. ఒక ఆకుపై మఱియొక ఆకు నీడ పడిన చోటమాత్రము పచ్చగానే యుండెను. మేము తెగులని భ్రమించి మందు కొట్టితిమి. ఆ సొమ్ము కూడ దండుగయ్యెను.

దీని కారణము సులభమే. నీడలోని ఆకు పలుచనై, దొరకిన కొద్ది వెలుతురునే పట్టుకొనుటకు తగినట్లుగా తయారగును. దానిపై ఒక్కసారిగా నిండు ఎండ పడినప్పుడు, ఆకు వినియోగింపగల దానికంటె హెచ్చుగా వెలుతురు చేరి పత్రహరితమును చెఱచును. తెల్లబడిన భాగము మఱల పచ్చబడదు. ఎండకు తగిన ఆకు క్రొత్తగా మొవ్వునుండియే రావలెను. వేపవలె ప్రక్క చిగురులు తొడుగు శక్తి వీనికి లేదు. ఒక్క మొక్కకు ఒక్కటే మొవ్వు.

మంచి నర్సరీలలో మొక్కను మొదటి మూడు నెలలు చిన్న సంచిలో నీడయందుంచి, పిదప పెద్ద సంచికి మార్చి, ఏడాది నిండువరకు ఆరుబయట పెంచుదురు. కావున మొక్క తెచ్చుకొనునప్పుడు, “ఇది ఎన్ని నెలలు బయటి ఎండలో ఉన్నది?” అని అడుగుట మొదటి పని. సంచులను ఒకదానికొకటి ఆనించి పెంచిన మొక్కలు సన్నగా, పొడవుగా, ఆకులు నిట్టనిలువుగా లేచి యుండును. అవి చూపునకు ఏపుగానే కనబడును గాని ఎండకు ఆగవు. ఆరుబయట పెరిగిన మొక్కను సైతము మావలె చెట్టు క్రింద వారముల తరబడి ఉంచినచో, ఆ నీడలో విచ్చిన క్రొత్త ఆకు మెత్తనిదే యగును.

అట్టి మొక్కలను మూడు వారములలో ఎండకు అలవాటు చేయవలెను. కొద్ది మొక్కలైనచో మొదటి వారము ఉదయము రెండు గంటలును, రెండవ వారము పది గంటలవరకును, మూడవ వారము మధ్యాహ్నమువరకును ఎండ తగులునట్లు జరుపవచ్చును. వందల సంచులను ప్రతిదినము మోయుట ఎవరి తరము? వాటిపై తాటికమ్మల పందిరి వేసి, ఐదారు దినముల కొకసారి కమ్మలలో నాల్గవవంతు తీసివేసిన చాలును. నల్లని సంచి ఎండకు కాగి వేళ్ళను ఉడికించును గనుక వరుస అంచులకు మట్టి యెగదోయుట మేలు. బండిలో తెచ్చునప్పుడు పైన గుడ్డ కప్పవలెను; గాలివేగమునకు ఆకు ఎండిపోవుటయు మాడుటవంటిదే.

నాటుట సాయంకాలముననే. ముందురోజు సంచి మట్టి బాగుగా తడుపవలెను. కమ్మను ఏ దిక్కున గ్రుచ్చవలెనో చాలమంది యోచింపరు. మన ప్రాంతమున మే నడిమినుండి జూలై తుదివరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొంచెము ఉత్తరముగా నుండును. కావున ఆ నెలలలో దక్షిణమున కమ్మ గ్రుచ్చిన ఫలము లేదు. పడమట గ్రుచ్చి మొక్క తలపైకి వంచవలెను. శీతకాలమున నాటువారు నైరృతి దిక్కున గ్రుచ్చవచ్చును.

మిట్టమధ్యాహ్నము ఆకులపై నీరు చల్లినచో బిందువులు భూతద్దమువలె కాల్చునని కొందరందురు. నున్నని తాటిజాతి ఆకుల విషయమున ఆ భయము అనవసరము. అయినను ఆ నీరు వేళ్ళకు చేరదు, బోరు నీటి ఉప్పు ఆకుపై పేరుకొనును. తెల్లవారుజామున మొదట పోయుటయే లాభము.

మాడిన ఆకును తెగులునుండి వేఱుపఱచుట నేర్చుకొనవలెను. ఎండమాడు మూడు నాలుగు దినములలోనే, సూర్యుని వైపు భాగముననే కనబడి, అంతటితో నిలిచిపోవును. తెగులు మచ్చ దినదినమును పెరుగుచు క్రొత్త ఆకులకు ప్రాకును. మెగ్నీషియము లోపము కూడ ఎండ తగులు భాగముననే చూపట్టును, కాని అది ముదురు ఆకులందు మెల్లగా, నారింజరంగుతో వచ్చును.

మాడిన మొక్కకు యూరియా వేయరాదు. సగము పచ్చగానున్న ఆకును కోయరాదు. మొక్కకు ఆహారము ఆ సగమే. మొవ్వు గట్టిగా పచ్చగా నున్నచో ఓపిక పట్టవలెను. మొవ్వును మెల్లగా లాగినప్పుడు ఊడి వచ్చి దుర్గంధము కొట్టినచో ఆ మొక్క పోయినదే. మా తోటలో అట్టి గుంతలకు తిరిగి తెచ్చిన మొక్కలు ఈనాటికిని ప్రక్కవాటికంటె పొట్టిగానే యున్నవి. అందుచేత ఎకరమునకు రెండు మూడు మొక్కలను హెచ్చుగా తెచ్చి, పెద్ద సంచులలో చేని ఒడ్డున, చెట్టు నీడ సోకని చోటనే ఉంచుకొనుడు.