చందా కడితే చాలదు, చెయ్యెత్తాలి

డెన్మార్క్‌కు కొత్తగా వెళ్లినవారికి ఆ దేశంతో చుట్టరికం కలిపేది ఊరి షటిల్ క్లబ్బే!

ఎడిటర్ అడిగింది డెన్మార్క్‌లో తీరిక వేళల మీద ముఖచిత్ర కథనం. గడువు గురువారం. గడ్డకట్టే చలిలో సముద్రస్నానాలు, సైకిళ్లు, కొవ్వొత్తుల వెలుగులో కబుర్లు... ఫొటోలకు కొదవలేదు. కానీ సమాచారం పోగేస్తుంటే నన్ను ఆపేసింది ఒక మామూలు కాగితం: బ్యాడ్మింటన్ క్లబ్బు వార్షిక సర్వసభ్య సమావేశం అజెండా. ఏ ఊరి క్లబ్బుదైనా కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటుంది.

మొదటి అంశం, సభ నడిపే వ్యక్తి ఎన్నిక. అధ్యక్షుడు ఉండగా మళ్లీ ఇదెందుకు? ఏడాదంతా క్లబ్బును నడిపిన కమిటీ ఈ పూట జవాబు చెప్పుకోవాలి. అందుకే సాధారణంగా కమిటీలో లేనివారికే ఆ బాధ్యత ఇస్తారు. తర్వాత అధ్యక్షుడి నివేదిక. ఆపైన కోశాధికారి లెక్కలు: చందాలు ఎంత వచ్చాయి, షటిల్ కాక్‌లకు ఎంత పోయింది. ఆ వెనక సభ్యులు ముందే రాసి పంపిన ప్రతిపాదనలు, వచ్చే ఏడాది చందా ఖరారు, కమిటీ ఎన్నిక, ఆడిటర్ ఎన్నిక. చివరగా ‘ఇతరములు’. దీని కింద ఎవరు ఏదైనా మాట్లాడవచ్చు, తీర్మానం మాత్రం చేయకూడదు. ముందుగా చెప్పని విషయాన్ని రాత్రి పొద్దుపోయాక నలుగురు కలిసి నెగ్గించుకునే వీల్లేదన్నమాట.

ఈ కాగితం మీద నాకు గౌరవం పెరిగింది. మనదగ్గర, హైదరాబాద్‌లో అయితే గంటకింతని కోర్టు బుక్ చేసుకుంటాం, ఆడతాం, చెమట తుడుచుకుని వచ్చేస్తాం. అక్కడ చందా కట్టినవాడు గిరాకీ కాదు, యజమానుల్లో ఒకడు. ముప్పై ఏళ్లుగా ఆడుతున్న పెద్దాయనకూ, ఈ సీజన్లో చేరిన మన సాఫ్ట్‌వేర్ అమ్మాయికీ తలా ఒక్క ఓటే. హక్కుతోపాటు చాకిరీ కూడా వస్తుంది. ఇలాంటి ఊరి క్లబ్బుల్లో కమిటీకి సాధారణంగా జీతాలుండవు. నెట్లు కట్టడం, పిల్లలకు ఆట నేర్పడం, పోటీల రోజున కాఫీ కాచిపోయడం అన్నీ సభ్యులే చూసుకుంటారు. పదిహేనేళ్లలోపు పిల్లలకు నేర్పేవారి విషయంలో క్లబ్బు ముందుగా పోలీసుల నుంచి ‘బోర్నెఅటెస్ట్’ అనే ధ్రువపత్రం తెప్పించుకుని తీరాలి.

దీని వెనక చరిత్ర పెద్దదే. 1844లో రోడింగ్‌లో రైతుబిడ్డల కోసం తొలి జానపద ఉన్నత పాఠశాల, దాని వెనక డేనిష్ మతాచార్యుడు, కవి గ్రుంట్విగ్ ఆలోచనలు. 1849 రాజ్యాంగంలో సంఘం పెట్టుకునే హక్కు. 1930లో జాతీయ బ్యాడ్మింటన్ సమాఖ్య. నేటి ప్రజావిద్యా చట్టం ప్రకారం మున్సిపాలిటీలు క్లబ్బులకు బడుల హాళ్లు ఇస్తాయి, పాతికేళ్లలోపువారి ఆటపాటలకు సాయం చేస్తాయి.

ఒక్క సందేహం మాత్రం నన్ను వదల్లేదు. ఈ సభలు జరిగేది డేనిష్‌లో. కోర్టులో స్మాష్‌కు భాష అక్కర్లేదు, కాబట్టి కొత్తవాళ్లు ఆటతో సరిపెట్టుకుని సమావేశం ఎగ్గొడతారు. క్లబ్బులు అజెండాను ఇంగ్లిష్‌లోనూ పంపాలి. మనవాళ్లు కూడా ఉగాదికి తెలుగువాళ్లతో కలిసినంత ఇష్టంగా ఈ సభకు వెళ్లాలి. డిసెంబరులో నాలుగు కాకముందే చీకటిపడే కోపెన్‌హాగన్‌లో పొరుగువాడు పేరుపెట్టి పలకరించేది ఇలాంటి చోటే. లెక్కలు చదువుతున్నప్పుడు అంకెలు ఎవరికైనా అర్థమవుతాయి. అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

మన రాకెట్లు, ఓడెన్స్ కోర్టులు
1980లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన ప్రకాశ్ పదుకొనే ఆ తర్వాత డెన్మార్క్‌లోనే సాధన చేశారు. ఓడెన్స్‌లో జరిగిన డెన్మార్క్ ఓపెన్‌ను 2012లో సైనా నెహ్వాల్, 2017లో మన గుంటూరు కిదాంబి శ్రీకాంత్ గెలిచారు. టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణాలు సాధించిన విక్టర్ ఆక్సెల్సెన్ పుట్టింది ఆ ఊళ్లోనే.

చేరాలనుకుంటే
సీజన్ సాధారణంగా వేసవి సెలవుల తర్వాత మొదలవుతుంది. చాలా క్లబ్బులు ఒకటి రెండుసార్లు ఆడి చూశాకే చందా కట్టమంటాయి. హాల్లోకి బయట తొడిగిన బూట్లు పనికిరావు. నేల మీద గీతలు పడనివి విడిగా తీసుకెళ్లాలి. పిల్లల్ని చేర్పిస్తే, పోటీల రోజున ఏదో ఒక పని మీ వంతుకూ వస్తుంది. కాదనకండి.