విదేశీ డిగ్రీ వస్తోందని తెలుగు బడి మానాలా?

విదేశీ చదువంటే ఇన్నాళ్లూ విమానం ఎక్కడమే. విదేశీ విశ్వవిద్యాలయాలనే ఇక్కడికి రప్పించే దారిని 2020 జాతీయ విద్యావిధానం తెరిచింది. 2023లో యూజీసీ నిబంధనలు వచ్చాయి. 2025లో బ్రిటన్‌లోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి మన బెంగళూరులో క్యాంపస్ పెట్టేందుకు సమ్మతి పత్రం అందింది. ఇక్కడిచ్చే డిగ్రీ అక్కడి డిగ్రీతో సమానం.

"ఇంకా తెలుగు బడి ఎందుకండీ?" అని అడిగే తల్లిదండ్రులకు మేము చెప్పేదొకటే. వీలైనచోట కనీసం ఐదో తరగతి వరకు మాతృభాషలో బోధించాలన్నదీ ఆ విధానమే. తెలుగులో పునాది గట్టిపడితే కన్నడ, ఇంగ్లిష్ దానిమీద నిలుస్తాయి.

మా దిగులంతా ఫీజు గురించే. దాన్ని నిర్ణయించుకునే స్వేచ్ఛ ఆ సంస్థలదే. ఉపకార వేతనాలివ్వడం వాటి ఇష్టం. బడి మార్చే ముందు ఆ లెక్కలు అడిగి తెలుసుకుందాం.