వంగే పలక, పడే చుక్క

బుగ్గారంలో పెండ్లయినా, పుట్టినరోజైనా, కొత్త సర్పంచికి సన్మానమైనా ముందు లేచేది ఫ్లెక్సీయే. రాత్రి ఫోటో వాట్సాప్‌లో పంపితే జగిత్యాలలోనో కోరుట్లలోనో కొట్టి పొద్దున చేతికిస్తారు. ఫ్లెక్సీ కొట్టే మెషీన్‌లో అటూ ఇటూ పరుగెత్తే ప్రింట్ హెడ్‌కు మూలం 1880లో బయటపడ్డ ఒక వింత గుణం.

ఆ ఏడు పారిస్‌లో జాక్, పియర్ క్యూరీ అన్నదమ్ములు క్వార్ట్జ్ లాంటి స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. గ్యాస్ లైటర్ టక్కుమనిపిస్తే నిప్పురవ్వ ఎగిరేది ఈ గుణం వల్లే. కరెంటు ఇస్తే స్ఫటికం ఆకారం మారాలని 1881లో గాబ్రియెల్ లిప్‌మన్ లెక్కగట్టి చెప్పాడు. క్యూరీలు పరీక్షిస్తే నిజమని తేలింది. ఇదే పీజోఎలక్ట్రిసిటీ. దీంతో కోరినప్పుడు ఒక్కో సిరాచుక్కను వదిలే పద్ధతులకు 1970ల మొదట్లో జోల్టన్, స్టెమ్మె అనే ఇద్దరు వేర్వేరుగా పేటెంట్లు పొందారు. 1993లో వచ్చిన ఎప్సన్ స్టైలస్ 800 ప్రింటర్‌లోనూ ఇదే పద్ధతి.

హెడ్‌లో వెంట్రుక కన్నా సన్నని రంధ్రాలుంటాయి. ఒక్కోదాని వెనక చిన్న సిరా గది, దానికి పీజో పింగాణీ గోడ. కరెంటు తాకగానే గోడ ముందు బయటికి వంగి సిరాను లోనికి లాక్కుంటుంది, వెంటనే లోపలికి వంగి నెడుతుంది. చుక్క తెగి పడుతుంది. సెకనులో వేలసార్లు ఇదే తంతు. ఫ్లెక్సీ షాపుల్లో పేరుపడ్డ కోనికా 512 హెడ్‌కు 512 రంధ్రాలు. అందులో ఒక రకం వదిలే చుక్క 42 పికోలీటర్లు. ఒక్క మిల్లీలీటరు సిరా రెండు కోట్లకు పైగా చుక్కలవుతుందన్నమాట.

క్యానన్, హెచ్‌పీల పద్ధతిలో సిరాను మరిగించి ఆవిరి బుడగతో నెడతారు కాబట్టి ఎక్కువగా నీటి సిరాలే పనికొస్తాయి. పీజోకు మరిగించే పని లేదు. అందుకే ఎండావానలకు ఆగే సాల్వెంట్ సిరా, టైల్స్ మీద పాలరాతి చారలు దించే రంగు, సర్క్యూట్లు గీసే వెండి సిరా అన్నీ దీనికి నప్పుతాయి.

దీని శత్రువు గాలి బుడగ. గదిలో బుడగ చేరితే గోడ నొక్కుడునంతా అదే మింగేస్తుంది, చుక్క రాదు. పెండ్లికొడుకు నుదుటి మీద తెల్ల గీత పడుతుంది. ఆపరేటర్ సిరాను గట్టిగా తోసి బుడగను వెళ్లగొట్టి, రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసే నాజిల్ చెక్‌లో గీతలన్నీ సరిగా పడ్డాకే మళ్లీ మొదలుపెడతాడు.

అయితే అన్ని పనులకూ పీజోయే చవక కాదు. ఎన్నికలప్పుడు సిరిసిల్లలో పార్టీ జెండాలు లక్షల్లో తయారవుతాయి. గుర్తు ఒక్కటే, రంగులు రెండో మూడో. అలాంటి పనికి స్క్రీన్ ప్రింటింగే చవక, ఒకసారి స్క్రీన్ కట్టుకుంటే ఎన్ని కొట్టినా గిట్టుబాటే. ఒక్కటే కావాలంటే మాత్రం ఆ స్క్రీన్ ఖర్చంతా దానిమీదే పడుతుంది. పీజోకు స్క్రీనూ లేదు, అచ్చుదిమ్మా లేదు. వెయ్యో కాపీకి ఎంతో మొదటి కాపీకీ దాదాపు అంతే. ఒకప్పుడు పెద్ద నాయకులకే దక్కిన పదడుగుల బొమ్మ ఇప్పుడు ఏడాది నిండిన పాపకూ దక్కుతోంది.

ఫ్లెక్సీ ప్లాస్టిక్ మట్టిలో కలవదు, నిజమే. కానీ ఈ హెడ్‌కు ప్లాస్టిక్కే కావాలని పట్టుదలేమీ లేదు. నూలు బట్ట మీద నిలిచే సిరాలూ ఉన్నాయి. దేనిమీద కొట్టించుకోవాలో తేల్చాల్సింది ఆర్డరిచ్చే మనమే.